సెప్టెంబరు నాటి శ్రీరాములు



పొట్టి శ్రీరాములు గారిని తలచుకునే సభల్లో మాట ఎప్పుడూ 1952 అక్టోబరు 19న మొదలై డిసెంబరు 15 రాత్రితో ఆగుతుంది. మద్రాసులో బులుసు సాంబమూర్తి గారి ఇల్లు, 58 రోజుల నిరాహారదీక్ష, మరణం, ఊరూరా అలజడి, డిసెంబరు 19న నెహ్రూ ప్రకటన, మరుసటి ఏడు అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం. 2008లో ఈ నెల్లూరు జిల్లాకు ఆయన పేరు పెట్టింది కూడా ఆ 58 రోజుల్ని చూసే. ఈ సాయంత్రం ఆ రోజుల్ని కాసేపు పక్కన పెడదాం. దీక్షకు కూర్చోకముందే, 1952 సెప్టెంబరులో, ఏ విషజ్వరమో వచ్చి ఆయన నెల్లూరులోనే కన్నుమూసి ఉంటే ఆ 51 ఏళ్ల బతుకుకు అర్థం ఉండేదా? ఉండేదంటే ఆ అర్థం ఎక్కడుంది? మనిషి బతుకు దేనివల్ల అర్థవంతమవుతుందని గాలిలో వాదించేకంటే ఈ ఒక్క ఊహను పట్టుకుని వాదించడం మేలు. ఇందులో తప్పించుకునే దారులు తక్కువ.

ఆ సెప్టెంబరు నాటికి ఆయన ఖాతాలో ఏముందో ముందు చూడాలి. 1901 మార్చి 16న మద్రాసులో పుట్టారు. బొంబాయిలో శానిటరీ ఇంజనీరింగు చదివి, గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేలో కొన్నేళ్లు ఉద్యోగం చేశారు. ముప్పై ఏళ్లు నిండకుండానే భార్యా, పసిబిడ్డా పోయారు. ఉద్యోగానికి నీళ్లొదిలి సబర్మతి చేరారు. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో జైలు, 1940లలో మళ్లీ జైలు, మధ్యలో గుజరాత్‌లోనూ కృష్ణా జిల్లా కొమరవోలులోనూ గ్రామసేవ, నెల్లూరు పల్లెల్లో రాట్నం ప్రచారం. 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులను రానివ్వాలని దీక్షపట్టి సాధించారు. కలెక్టర్లు వారంలో ఒక రోజైనా హరిజనుల బాగోగులు చూడాలని ప్రభుత్వం చేత ఉత్తర్వులు ఇప్పించడానికి మళ్లీ దీక్షలు. ఆఖరి సంవత్సరాల్లో అంటరానితనం పోవాలన్న నినాదాల అట్టలు ఒంటికి తగిలించుకుని, చెప్పులూ గొడుగూ లేకుండా నెల్లూరు ఎండలో వీధులు తిరిగేవారు. రోహిణీకార్తె ఎండ ఎలా ఉంటుందో ఈ ఊరివారికి నేను చెప్పక్కర్లేదు. కొందరు ఆయన్ని పిచ్చివాడన్నారు. సొంత కులంలోనే తప్పుపట్టినవారున్నారు. మురుగునీరు ఎటు పోవాలో లెక్కగట్టడం నేర్చుకున్న ఇంజనీరు, ఆ మురుగెత్తే పని పుట్టుకతోనే ఎవరి నెత్తిన పడుతోందో అడుగుతూ వీధిన పడ్డారు. ఇది కాకతాళీయమే కావచ్చు. నాకు మాత్రం ఆ చదువుకూ ఈ నడకకూ మధ్య దారి కనిపిస్తూనే ఉంటుంది.

ఒక సంగతి ఇక్కడ వదలకూడదు. ఆయన అట్టలు కట్టుకుని తిరుగుతున్న రోజులకే చట్టం మారిపోయింది. మద్రాసు రాష్ట్రంలో 1947లోనే ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది. 1950 జనవరి 26 నుంచి రాజ్యాంగం 17వ అధికరణ అస్పృశ్యతను రద్దు చేసింది. కాగితం మీద పని పూర్తయింది. ఇంకా ఎందుకయ్యా ఈ అట్టలు అని అడిగినవాళ్లకు ఆ వీధే జవాబు. బావి దగ్గరా, కాఫీ హోటల్లోనూ కాగితం ఇంకా అమలులోకి రాలేదు. కాబట్టి ఆ సెప్టెంబరు నాటికి ఆయన చేతిలో పదవి లేదు, ఆస్తి లేదు, సంతానం లేదు, చూపించడానికి ఒక విజయం కూడా లేదనే అనాలి. గుడి తలుపుల ఘనత కూడా చట్టం ఖాతాలోకి పోయింది.

ఇక మొదటి జవాబు, మనలో ఎక్కువమంది మనసులో ఉండేది: ఫలితమే అర్థం. సాధించినవాడిది సార్థక జీవితం, సాధించనివాడిది పాపం మంచి జీవితం. ఈ కొలతను 58 రోజులకే పెట్టి చూడండి. ఆయన అడిగింది మద్రాసుతో కూడిన ఆంధ్ర రాష్ట్రం. మద్రాసు రాలేదు. వచ్చిన రాష్ట్రం ఆ రూపంలో మూడేళ్లు కొంచెం దాటి నిలిచింది. 1956 నవంబరు 1న తెలంగాణతో కలిసి ఆంధ్రప్రదేశ్ అయింది. 2014 జూన్ 2న మళ్లీ రెండైంది. ఫలితమే అర్థమైతే, 1952లో చితికెక్కిన మనిషి బతుకు విలువ 1953లో పెరిగి, 1956లో ఇంకొంత పెరిగి, 2014లో తరిగిపోవాలి. పోయినవాడి బతుకు అర్థం మారడానికి ఢిల్లీలో పార్లమెంటు ఓటు చాలా? ఇదే జిల్లాలో ఇంకో ఉదాహరణ ఇంతకంటే గట్టిది. 1992లో దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. ఆ నిప్పు జిల్లా అంతా పాకి, సారా వేలంపాటలు పాడేవాడు లేక పదే పదే వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. 1997లో దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు బ్రాందీ షాపు లేని ఊరు వెతుక్కోవాలి. అయితే రోశమ్మా ఆమె తోటివాళ్లూ చేసినదంతా బూడిదలో పోసిన పన్నీరా? అలా అనడానికి నోరు రావడం లేదంటే, ఫలితం అనే కొలత మన లోపలి తూకంతో సరిపోవడం లేదనే. ఫలితం అక్కర్లేదని నేననడం లేదు. ఫలితం కోసమే వాళ్లు కొట్లాడారు. ఫలితాన్ని గురిపెట్టని శ్రమ శ్రమే కాదు, ఆట. కానీ గురి వేరు, కొలత వేరు. పని ఎటు పోవాలో ఫలితం చెబుతుంది. చేసినవాడి బతుకు ఎంత తూగుతుందో చెప్పే అధికారం దానికి లేదు. ఆ ఫలితంలో సగం చేతులు ఇతరులవి, కాలానివి, ఎన్నికలవి.

రెండో జవాబు తృప్తి. ఎవరికి వారు ఇష్టపడి చేసుకునేదే అర్థం, బయటివాళ్లెవరు తీర్పు చెప్పడానికి అంటారు. అమెరికన్ తత్త్వవేత్త రిచర్డ్ టేలర్ 1970లో దీన్ని చివరిదాకా లాగి చూశాడు. గ్రీకు పురాణంలో సిసిఫస్‌కు దేవతలు వేసిన శిక్ష, బండను కొండమీదికి దొర్లించడం, అది జారిపోతే మళ్లీ దొర్లించడం. దేవతలే జాలిపడి, బండ దొర్లించాలన్న తీరని కోరికను అతని ఒంట్లోకి ఎక్కిస్తే ఆ బతుకు అర్థవంతమైనట్టే అన్నాడు టేలర్. ఇంకో తత్త్వవేత్త సూసన్ వుల్ఫ్ 2010లో వచ్చిన తన పుస్తకంలో దీన్ని ఒప్పుకోలేదు. ఇష్టపడే మనసు ఒకటే చాలదు, అది ఇష్టపడదగ్గదాన్ని పట్టుకోవాలి అంది. నేను వుల్ఫ్ పక్షం. 1991లో సారా పాట పాడి, రాత్రి డబ్బు లెక్కపెట్టుకుని, తృప్తిగా నిద్రపోయిన కాంట్రాక్టరును ఊహించుకోండి. తృప్తికి లోటు లేదు. అర్థం ఉందనడానికి మాత్రం మనకు మాట తడబడుతుంది.

మూడోది పేరు నిలవడం. దీనిమీద ఎక్కువసేపు నిలబడనక్కర్లేదు. జిల్లాకు పేరెవరిది పెట్టాలో ప్రభుత్వ ఉత్తర్వు తేల్చినంత మాత్రాన, మూలాపేట గుడి గడప మొదట దాటినవాళ్ల బతుకులు శ్రీరాములు గారి బతుకు కంటే తక్కువ అర్థమున్నవి కావు. వాళ్ల పేర్లు ఏ బోర్డు మీదా లేవు. వాళ్లకు కావలసిన ధైర్యం ఆయన ధైర్యం కంటే తక్కువని నేననుకోను. దీక్ష చేసినవాడికి గాంధీగారి అండ ఉంది. గడప దాటినవాడు ఆ రాత్రి తన పేటకే తిరిగి వెళ్లాలి, మర్నాడు అదే ఆసామి పొలానికి కూలికి పోవాలి.

ఫలితం, తృప్తి, పేరు, మూడింటినీ తీసేస్తే మిగిలేది ఏమిటి? నా వాదం ఇది. తనది మాత్రమే కాని ఒక అవసరం లోకంలో ముందే ఉంటుంది. మనిషి పుట్టకముందు నుంచీ ఉంటుంది. దాన్ని గుర్తించి, తన శక్తిలో కొంత దానికి అంకితం చేసి, ఎవరూ చూడనప్పుడూ దాన్ని వదలకుండా ఉండటంలోనే బతుకుకు అర్థం ఏర్పడుతుంది. శ్రీరాములు గారు మెడలో వేసుకున్న అట్ట మీది అవసరం ఆయన కల్పించింది కాదు, ఆయన పోతే పోయేదీ కాదు. అందుకే ఆ సెప్టెంబరు నాటికే ఆ బతుకు నిండింది.

ఈ మాటకు సాక్ష్యం ఇదే తీరంలో, ఎదురు శిబిరం నుంచి తెస్తాను. విడవలూరు దగ్గరి అలగానిపాడులో 1913 మే 1న పుచ్చలపల్లి సుందరరామిరెడ్డి పుట్టాడు. పేరులోంచి రెడ్డిని కోసేసి సుందరయ్య అయ్యాడు. యవ్వనంలోనే సొంత ఊళ్లో వ్యవసాయ కూలీలను కూడగట్టాడు. ఆస్తిలో తన వాటా అమ్మి కమ్యూనిస్టు పార్టీకి ఇచ్చాడు. పిల్లలు వద్దని భార్య లీలా, ఆయనా అనుకుని ఆ మాట మీదే నిలిచారు. 1952లో రాజ్యసభకు వెళ్లి, పార్లమెంటుకు సైకిల్ మీద పోయిన సభ్యుడిగా లోకానికి తెలిశాడు. శ్రీరాములు గారి దారి గాంధీది, సుందరయ్య గారి దారి మార్క్స్‌ది. ఉపవాసం, వర్గపోరాటం, రెండూ ఒకేసారి సరైన మార్గాలు కాలేవు. కనీసం ఒకరి సిద్ధాంతం తప్పై ఉండాలి. అయినా ఇద్దరిలో ఎవరి బతుకూ వ్యర్థమని ఈ జిల్లాలో ఎవరూ అనరు. సిద్ధాంతం ఒప్పుకావడం మీద అర్థం ఆధారపడి ఉంటే ఇది కుదిరే మాట కాదు. ఇద్దరినీ కలిపేది వాళ్లు తలకెత్తుకున్న అవసరం. బావిలో చేద వేయనివ్వని మనిషి, కొలిచిన కూలికి నోరెత్తలేని మనిషి.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో మొదటిది భయపెట్టేది. ఇలా చూస్తే ఏ మూఢావేశపరుడికైనా అర్థవంతమైన బతుకు దక్కుతుంది కదా? నా జాతి అవసరం, నా మతం అవసరం అంటూ ఊళ్లు తగలబెట్టేవాడు కూడా తనది మాత్రమే కాని అవసరమే చూపిస్తాడు. ఇక్కడ ఒక షరతు చేర్చాలి. ఎవరి అవసరమని చెబుతున్నామో వాళ్లకు వద్దనే హక్కు ఉండాలి. మన సేవ వాళ్ల నోరు నొక్కేది కాకూడదు. ఈ షరతుకు వెన్నెలకంటి రాఘవయ్య గారి పని మంచి నిదర్శనం. యానాదులను క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద పుట్టుదొంగలుగా లెక్కగట్టి, పోలీసు హాజరు పెట్టిన కాలంలో ఆయన వాళ్ల కోసం తిరిగారు. తిరగడంతో ఆపలేదు. యానాదులకు సంఘం కట్టించారు. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో రద్దయింది. ఆయనకు 1973లో పద్మభూషణ్ వచ్చింది. సంఘం కట్టడం అంటే, మీ తరఫున నేను మాట్లాడతాను అన్న మాటను మీరే మాట్లాడండి అన్నదాకా తీసుకుపోవడం. వాళ్లు ఆయన్ని కాదనగలిగే చోటు కూడా అక్కడే తయారవుతుంది. ఊళ్లు తగలబెట్టేవాడు ఎప్పుడూ కట్టనిది అలాంటి చోటునే.

ఇదే షరతును శ్రీరాములు గారి చివరి దీక్షకు పెడితే తూకం కొంచెం ఊగుతుంది, దాచడమెందుకు. నిరాహారదీక్ష బాధను తన ఒంటిమీదే వేసుకుంటుంది, నిజమే. కానీ ఎదుటివాడికి వాదించే చోటు మిగల్చదు. ఆయన మరణం తర్వాత జరిగిన అల్లర్లలో పోలీసు కాల్పులకు ప్రాణాలు పోయాయి. ఆ పోయినవాళ్లను ఎవరూ అడగలేదు. అట్టలు కట్టుకున్న శ్రీరాములు గారు మాత్రం ఎవరినీ ఏమీ బలవంతపెట్టలేదు. చూసేవాడు చూడవచ్చు, నవ్వేవాడు నవ్వి పోవచ్చు. నన్నడిగితే ఆ నడకే దీక్ష కంటే నిక్కమైన సాక్ష్యం.

రెండో అభ్యంతరం ఆడవాళ్లు అడగవలసింది, అడుగుతున్నదీ. ఇతరుల అవసరానికి అంకితం కావడమే అర్థమని మీరు కొత్తగా చెప్పేదేముంది, తరతరాలుగా మా చేత గొడ్డుచాకిరీ చేయించిన మాట అదే కదా? ఈ మాటలో నిజం ఉంది. త్యాగం అనే మాట మన ఇళ్లల్లో చాలామంది పనిగంటల్ని దాచిపెట్టింది. పొణకా కనకమ్మ గారి జీవితం దీనికి సగం జవాబైనా ఇస్తుంది. 1892లో పుట్టి, చిన్నప్పుడే పెళ్లై పొట్లపూడి వచ్చిన ఆమెకు బడి చదువు లేదు. ఇంట్లోనే చదువుకుంది. గాంధీగారు 1921 ఏప్రిల్ 7న ప్రారంభించిన పల్లిపాడు పినాకినీ ఆశ్రమానికి అండగా నిలిచింది, జైళ్లకు వెళ్లింది, 1923లో నెల్లూరులో కస్తూరిదేవి విద్యాలయం పెట్టింది. ఎదిగిన కూతురు కళ్లముందే పోయింది. ఆస్తి కరిగింది. ఇంటికోడలిగా ఆమెకు అప్పగించిన అవసరాలు వేరు, ఆమె ఎంచుకున్న అవసరం వేరు. తనకు దక్కని బడి మరో ఆడపిల్లకు దక్కాలన్నది ఎవరూ ఆమె నెత్తిన పెట్టిన పని కాదు. కాదనే హక్కు సేవ పొందేవాళ్లకే కాదు, చేసేవాళ్లకూ ఉండాలి. వద్దనే వీలులేని చోట చేసిన చాకిరీకి అర్థం అని పేరు పెట్టి పొగడటం ఒక రకం దొంగతనం. సగం జవాబే అని ఎందుకన్నానంటే, కనకమ్మ గారికి ఎంచుకునే వీలు కొంతైనా భూమి ఉన్న ఇంటివల్ల వచ్చింది. ఆమె ఆత్మకథ కనకపుష్యరాగం అచ్చులో కనబడటానికే 2011 దాకా పట్టింది, ఆమె పోయి 48 ఏళ్ల తర్వాత.

అక్కడి నుంచే మూడో అభ్యంతరం పుడుతుంది. ఇదంతా కడుపు నిండినవాళ్ల గొడవ. తెల్లవారకముందే చేపల గంప నెత్తిన పెట్టుకుని బజారుకు పరుగెత్తే పట్టపుపాలెం మనిషికి బతుకు అర్థం గురించి ఆలోచించే తీరిక ఎక్కడిది? తీరిక లేదు, నిజమే. కానీ అర్థానికి ఆలోచన అవసరమని ఎవరన్నారు? మన ఒడ్డున అలివి వల లాగడం చూసినవారికి తెలుసు. అది ఒక్కడు లాగే వల కాదు, తాడు పట్టినవారందరికీ వాటా ఉంటుంది. ఆ వాటా లెక్క తప్పకుండా చూసే మనిషి ఏ తత్త్వశాస్త్రమూ చదవకుండానే తనది మాత్రమే కాని అవసరాన్ని కాపాడుతున్నాడు. దూబగుంట కథ ఇంకా స్పష్టం. 1991లో ఈ జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. పగలంతా కూలికి పోయి వచ్చి, రాత్రి లాంతరు వెలుగులో కూర్చున్న ఆడవాళ్లు వాచకంలో తమ ఇళ్లలాంటి ఇళ్ల కథలు చదివారు. తాగొచ్చిన మొగుడి చేతి దెబ్బ అంతవరకు ఒక్కొక్కరికీ సొంత ఖర్మ, నలుగురిలో చెప్పుకోలేని సిగ్గు. పక్కన కూర్చున్నదానిదీ అదే కథని తెలిసిన రాత్రి అది అందరి అవసరమైంది. నేను తనది మాత్రమే కాని అవసరం అన్నది దీన్ని దృష్టిలో పెట్టుకునే. పరుల కోసం తనను చెరిపేసుకోవాలని నేనడగడం లేదు. తన బాధ కూడా ఆ లెక్కలో ఉండవచ్చు, ఒంటరిగా మాత్రం ఉండకూడదు. శ్రీరాములు గారికీ సుందరయ్య గారికీ ఇల్లు వదిలితే గానీ దొరకనిది, ఆ ఆడవాళ్లకు ఇంట్లోనే, పలక పుచ్చుకున్న చేతిలోనే దొరికింది.

ఆఖరి అభ్యంతరం పైనుంచి వస్తుంది. 2023 జూలై 14న చంద్రయాన్-3 శ్రీహరికోట నుంచి లేచింది. ఆ ఎత్తు నుంచి చూస్తే నెల్లూరు తీరం గీత కూడా కాదు. కోట్ల ఏళ్ల తర్వాత ఈ భూమే ఉండదు. అప్పుడు గుడి తలుపులేమిటి, సారా కొట్టేమిటి? దీనికి తత్త్వవేత్త థామస్ నేగెల్ 1971లోనే తర్కంతో జవాబిచ్చాడు. ఇప్పుడు మనం చేసేది కోటి ఏళ్ల తర్వాత లెక్కలోకి రాకపోతే, కోటి ఏళ్ల తర్వాత లెక్కలోకి రాదన్న ఆ సంగతి కూడా ఇప్పుడు లెక్కలోకి రానక్కర్లేదు. తర్కం సరిగానే ఉంది. నాకు దానికంటే ఆ ప్రయోగకేంద్రం ఉన్న నేలే మంచి జవాబుగా కనిపిస్తుంది. 1969లో ఆ దీవిని ఎంచుకోవడానికి కారణాలు తెలిసినవే. తూర్పున సముద్రం, భూమధ్యరేఖకు దగ్గరితనం, జనం తక్కువ. ఆ తక్కువ జనంలో ఎక్కువమంది యానాదులు, బతుకంతా అడవి మీదా పులికాట్ నీళ్ల మీదా ఆధారపడ్డవాళ్లు. చాలా ఎత్తు నుంచి చూసినప్పుడు మాయమయ్యేది మనిషి బతుకు అర్థం కాదు, ఫలానా మనుషులు. విశ్వం పెద్దదన్న మాటతో ముందు చిన్నబోయేది మనలో ఎవరూ కాదు, అసలే లెక్కలో తక్కువగా పడినవాళ్లు. ఆ దీవి వదిలి పులికాట్ ఒడ్డుకు చేరిన కుటుంబానికి కావలసినవి ఇంటి స్థలం పట్టా, కుల ధ్రువపత్రం, బడిలో పిల్ల పేరు. ఇవి కోటి ఏళ్లు నిలవాలని వాళ్లు అడగరు. ఈ ఆర్థిక సంవత్సరంలో చేతికందితే చాలు. వాళ్ల అర్జీ రాసిపెట్టి, కచేరీ మెట్ల దగ్గర మూడోసారి కూడా వాళ్లతో నిలబడే గుమాస్తాకు నక్షత్రాల వయసుతో పని లేదు. మండలాఫీసు తలుపు ఎన్ని గంటలకు తీస్తారో తెలిస్తే సరిపోతుంది.